మొదటి మాట రాహుకాలంలోనే

ఒక మనిషి ఏళ్ళ తరబడి సంపాదించుకున్న హేతువాదాన్ని ఒక్క ఉదయంలో, అదీ అత్తవారి ఊళ్ళో, అదీ మైకు పట్టుకుని మరీ ఎలా మంటగలుపుకోవచ్చో తెలుసుకోవాలనుకునేవారికి ఈ కథ పనికొస్తుంది. తెలుసుకోవాలని లేనివారు కూడా చదవండి. నాకేమీ నష్టం లేదు. పోయే పరువంతా ఎప్పుడో పోయింది.

నేను వాదాల మనిషిని. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. సెలవు రోజుల్లో మైకు ముందు నిలబడి మూఢనమ్మకాలను ఉతికి ఆరేస్తాను. గ్రహణం వేళ వేదిక మీద కూర్చుని పులిహోర తిన్నాను. ఆకలి లేకపోయినా, సిద్ధాంతం కోసం, రెండోసారి పెట్టించుకుని తిన్నాను. పూనకం వచ్చిన ఒకాయన్ని, "మీలోకి వచ్చింది ఎవరో ఆధారం చూపండి" అని అడిగి వేపమండలతో దెబ్బలు తిన్నాను. నా పెళ్ళి కూడా అమావాస్య నాడు, పూలదండలతో, మూడు ఉపన్యాసాల మధ్య జరిగింది. మూడో ఉపన్యాసం నాదే. పెళ్ళికూతురు రత్నం అందులో సగం విని, "ఇంక దండెయ్యి" అంది. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది, ఈవిడ మాట వింటే బాగుపడతానని. కాలేదు.

రత్నం వాళ్ళది శ్రీకూర్మం దాటి వెళ్ళాక సముద్రపొడ్డున ఒక పల్లె. మా అత్త గౌరమ్మ చేపలు అమ్ముతుంది. బావమరిది అప్పన్న బోటు మీద వేటకి వెళతాడు. ఆ ఏడు అప్పన్న సొంతంగా కొత్త బోటు కట్టించుకున్నాడు. నీలం రంగు, ముందు భాగాన ఎర్ర గీత, చూస్తే ముద్దొచ్చేలా ఉంది. వేట నిషేధం అయిపోయి ఊరి బోట్లన్నీ సముద్రం మీదికి పోతుంటే, ఇది మాత్రం ఇసకలో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది.

"ఏరా అప్పన్నా, బోటుని కూడా నెత్తళ్ళ చేపలతో పాటు ఎండబెట్టావా?" అన్నాను.

"మూడం బావా. సుక్కుడు మునిగిపోనాడంట. ఆడు మల్లీ తేలినాక గానీ కొత్త బోటు నీటిలో పెట్టకూడదంట."

"ఆకాశంలో ఎక్కడో ఎవడో మునిగితే ఇక్కడ నువ్వు తేలడం మానేశావా?"

"నీకేటి బావా, ఫేను కింద కూకుని సెప్తావు. రేపు నడిసంద్రంలో ఇంజను ఆగిపోతే నీ ఉపన్యాసం తెడ్డెయ్యదు కదేటి!"

చుట్టూ వల బాగుచేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. వాదంలో నన్ను ఎదిరించవచ్చు, నా మీద నవ్వితే మాత్రం నేను మనిషిని కాను. అక్కడే కాస్త దూరంలో స్తంభానికి ఒక పెట్టె వేలాడుతోంది. నా ధ్యాస దాని మీదికి పోయింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. గాలి, అలలు ఎలా ఉన్నాయో రోజూ గట్టిగా చదివి వినిపించే యంత్రం కావాలని ఊరి బోటువాళ్ళు అనుకున్నారు. స్క్రీను, స్పీకరు వాళ్ళు కొన్నారు. లోపలి మెదడు నా వంతు. అది పేకముక్కంత పాత బోర్డు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అప్పన్న దాన్ని పెట్టెలో పెట్టి, సందులన్నీ మూసి సీలు వేశాడు. ఏం పంపినా ఫోను నెట్‌వర్క్ మీదుగా పంపాల్సిందే. ప్రస్తుతానికి దాని మీద గడియారం తప్ప ఏమీ లేదు. మాట్లాడే ప్రోగ్రామును నేనింకా తయారుచేయాలి.

"చూడు అప్పన్నా," అన్నాను, ఊరంతా వినేలా. "వచ్చే అమావాస్య శుక్రవారం పడింది. ఆ రోజు నడి రాహుకాలంలో ఈ పెట్టె చేత మొదటి మాట పలికిస్తాను. పలికితే మూఢం సంగతి మరిచిపోయి మర్నాడే బోటు నీటిలో పెడతావా?"

"పలక్కపోతే?"

"పలక్కపోతే ఊరందరి ముందు కొబ్బరికాయ కొడతాను. నువ్వు ఎక్కడ చూపిస్తే అక్కడ."

వలలు బాగుచేసే చేతులు ఆగిపోయాయి. నేను కొబ్బరికాయ కొట్టడమంటే ఆ ఊళ్ళో సముద్రం వెనక్కి పోవడం లాంటిది. అప్పన్న చెయ్యి చాపాడు. పందెం కుదిరింది.

ఇప్పుడు కొంచెం మా వృత్తి రహస్యం. భయపడకండి, పరీక్ష పెట్టను. ఆ బోర్డు ప్రాసెసర్ జాతి వేరు, మా ఇంట్లో ఉన్న పెద్ద కంప్యూటర్ ప్రాసెసర్ జాతి వేరు. ఒకదాని కోసం తయారుచేసిన ప్రోగ్రాము రెండోదానికి ఒక్క ముక్క అర్థం కాదు. పోనీ ఆ బోర్డు మీదే తయారుచేద్దామంటే, దాని శక్తి ఎంతంటే, కొవ్వొత్తి మీద అన్నదానానికి వంట మొదలుపెట్టినట్టు. అందుకని ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము ఒకటి వాడతాం. అది పెద్ద ప్రాసెసర్ చేత చిన్న ప్రాసెసర్ వేషం కట్టిస్తుంది. చిన్నదాని భాషలో వచ్చిన ప్రతి ఆదేశాన్నీ పెద్దదాని భాషలోకి మార్చి చేయిస్తుంది. లోపల నడిచే ప్రోగ్రాములన్నీ తాము ఆ బోర్డు మీదే ఉన్నామని నమ్ముతాయి. ఆ నమ్మకంలోనే ప్యాకేజీ, అంటే బోర్డుకి పంపే ప్రోగ్రాము మూట, తయారవుతుంది. దాన్ని తీసి అసలు బోర్డుకి పంపుకుంటాం.

పని మొదలుపెట్టిన మర్నాడు మా అత్త చేపల గంపతో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. కంప్యూటర్ ఫ్యాను పిండిమరలా మోగుతోంది.

"ఇదేటి బావూ, ఇలగ రొద పెడతన్నాది?"

"పని చేస్తోంది అత్తా. ఇప్పుడది తనని తాను మీ ఊరి పెట్టెలో ఉన్న చిన్న యంత్రం అనుకుంటోంది."

అత్త గంప దించి, రెండడుగులు వెనక్కి వేసింది. "అంటే దీని ఒంటి మీదికి అదొచ్చినాదా?"

"రావడం కాదత్తా. దానిలా ప్రవర్తిస్తోంది."

"మాటలు దానివే?"

"దానివే."

"ఒళ్ళు దీనిది?"

"దీనిదే."

"మరి పూనకమంటే ఇంకేటి బావూ!"

"పూనకం కాదు, ఎమ్యులేషన్!"

"పేరేదైతేనేటి. నిమ్మకాయ గానీ దిగదుడవమంటారా?"

పూనకాల మీద ఉపన్యాసాలిస్తూ జిల్లా అంతా తిరిగిన నేను, నా ఇంట్లోనే ఒక పూనకాన్ని కరెంటు పెట్టి పోషిస్తున్నానని అత్త తేల్చేసింది. రత్నం వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వు ఫ్యాను మోతని కూడా దాటి వినిపించింది.

పెట్టెకి గొంతు ఇచ్చింది కూడా రత్నమే. టీవీ భాషలో హెచ్చరిస్తే ఊళ్ళో ఎవరూ పట్టించుకోరని ఆమే అంది. కూర్చుని చాలా వాక్యాలు రికార్డు చేసి ఇచ్చింది. ఆ గొంతుతో ఏ అంకె అయినా, ఏ హెచ్చరిక అయినా పలికేలా ప్రోగ్రాము తయారైంది. ఎమ్యులేటర్ లోపలే నడిపి చూశాను. నా బల్ల మీది స్పీకర్లోంచి రత్నం గొంతు ఖంగుమంది: "ఈ రోజు గాలి ఎక్కువగా ఉన్నాది. యేటకి ఎల్లకండి."

నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. రత్నం గంతెయ్యలేదు.

"ఒక్కసారి ఆ పెట్టెకి పంపి సూడు," అంది.

"ఎందుకు? ఇక్కడ మాట్లాడింది కదా."

"ఇక్కడ మాట్లాడినాది ఇది. అక్కడ మాట్లాడాల్సినాది అది."

"తర్కం ప్రకారం రెండూ ఒకటే."

"తర్కం పెకారం నువ్వూ మా అప్పన్నా ఇద్దరూ మొగోళ్ళే. నీ సొక్కా ఆడు తొడుక్కుంటే బొత్తాలన్నీ ఊడిపోనాయి."

నేను పెద్దగా ఊపిరి పీల్చుకున్నాను. సభల్లో ప్రత్యర్థిని చిత్తు చేసే ముందు అలా పీల్చుకోవడం నాకు అలవాటు. "చూడు రత్నం. ఇప్పుడు పంపి పలికిస్తే, ఆ మొదటి మాట ఏ మంచి ఘడియలోనో పడవచ్చు. మీవాళ్ళు ఊరుకుంటారా? 'మొదట మంచి వేళ పలికింది కాబట్టి తర్వాత రాహుకాలంలో కూడా పలికింది' అంటారు. ప్రయోగం మైలపడిపోతుంది. మొదటి మాట రాహుకాలంలోనే రావాలి!"

"అయితే రాహుకాలంలోనే పలికించి సూడు. రోజూ ఒకటి వస్తాది కదా."

పాఠకులారా, ఇన్నేళ్ళ వాదప్రతివాదాల్లో ఇంత చిన్న మాట నన్ను ఇంతగా కొట్టలేదు. ఒప్పుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఒప్పుకోవడం నా విద్యలో లేదు. నోట్లోంచి ఇలా వచ్చేసింది: "అమావాస్య రాహుకాలం వేరు!"

అన్నాక ఆ మాట నా చెవిన కూడా పడింది. రత్నం నావైపు జాలిగా చూసి, పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళింది. పప్పు మాడలేదు. ఆ రోజు పప్పే వండలేదు.

అమావాస్య వచ్చింది. ఆ రోజు వేటకి వెళ్ళరు కాబట్టి ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. నా ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. ఎదురు రావడానికి ఒక నల్లపిల్లిని కూడా తెప్పించాను. నేను మైకు వైపు నడుస్తుంటే అది దారికి అడ్డంగా పోవాలి, నేను నవ్వుతూ దాటాలి. వదలగానే పిల్లి తిన్నగా ఎండు నెత్తళ్ళ కుప్ప మీదికి పోయి కూర్చుంది. దానికి సిద్ధాంతాలు లేవు. నేనే దాని ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. అది తలెత్తి చూడలేదు.

పదిన్నర దాటింది, రాహుకాలం వచ్చేసింది. ఉపన్యాసం మొదలుపెట్టాను. కాలానికి మంచీ చెడూ ఉండవన్నాను. ఆధారం లేనిదే ఏదీ నమ్మవద్దన్నాను. ఎవరు చెప్పినా సరే, కళ్ళతో చూడకుండా, చేత్తో పరీక్షించకుండా ఒప్పుకోవద్దని బల్ల గుద్దాను. ఆ చివరి వాక్యం దగ్గర రత్నం దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"ఎండెక్కతన్నాది బావా, నొక్కు!" అని అరిచాడు అప్పన్న.

ఫోనులో మీట నొక్కాను. ప్యాకేజీ గాల్లో వెళ్ళి పెట్టెలో దిగింది. స్క్రీను మీద గడియారం మాయమైంది. అందరూ ఊపిరి బిగబట్టారు. సముద్రం కూడా ఒక అల ఆపుకున్నట్టు నాకనిపించింది.

పెట్టె పలకలేదు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ పలకలేదు. స్క్రీను మీద ఇంగ్లీషులో ఒక్క పొట్టి వాక్యం వచ్చి కూర్చుంది. ముందు వరసలో నిలబడ్డ డిగ్రీ చదివే అమ్మాయి కూడబలుక్కుని చదివింది. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్."

"ఏటది?" అడిగాడు అప్పన్న.

"ఈ పని సెయ్యమని సెప్పకూడదంట మావా."

"అదీ!" అన్నాడు అప్పన్న. "రాహుకాలంలో నన్ను ముట్టుకోకని మిషనే సెప్తన్నాది బావా!"

ఊరు నవ్విన నవ్వుకి నెత్తళ్ళ కుప్ప మీది పిల్లి లేచి పారిపోయింది. పోతూ పోతూ నాకు అడ్డంగా పోయింది. ఇప్పుడు!

నేను నొక్కుతూనే ఉన్నాను. లిఫ్టు రావడం లేదని మీట పొడిచేవాడిలా పొడిచాను. చివరికి అత్త వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "పోన్లెండి బావూ, ఎండ తగుల్తాది. గంజి తాగుదురు గానీ రండి."

"కాయి తెమ్మంటావా?" అన్నాడు అప్పన్న.

"ఆగరా. ముందు కారణం కనుక్కోనీ. కారణం తెలియకుండా కొట్టను."

"కనుక్కో. నానెక్కడికీ పోను, బోటూ పోదు," అన్నాడు. అన్నవాడు నవ్వాడు గానీ, వెళ్ళి బోటు మీద గాలికి లేచిన టార్పాలిన్‌ని సరిచేస్తుంటే ఆ నవ్వు లేదు. మర్నాడు మిగతా బోట్లన్నీ వేటకి పోతాయి. ఇది పోదు. నేను పలికించి ఉంటే పోయేది. వాడికి శుక్రుడు ఎంత అడ్డమో, ఇప్పుడు నేనూ అంత అడ్డమయ్యాను. గంజి గొంతు దిగలేదు. (రెండో గ్లాసు దిగింది. అత్త ఉప్పు చేప వేయించింది.)

ఇంటికొచ్చి కారణం వెతికాను. దొరికాక, గోడకి తల కొట్టుకుందామనుకున్నాను. గోడ చేసిన తప్పేమీ లేదని మానేశాను.

ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు తానున్న ప్రాసెసర్ని ఒక ప్రశ్న అడుగుతుంది: "నీకు ఏమేం చేతనవును?" చేతనైనవన్నీ వాడుకుంటే పని గబగబా సాగుతుందని దాని ఆశ. ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది అసలు బోర్డు కాదు, దాని వేషంలో ఉన్న ఎమ్యులేటర్. ఏ మోడల్ వేషం కట్టాలో నేను చెప్పలేదు. చెప్పకపోతే అది ఆ జాతిలోకెల్లా మొనగాడి వేషం కడుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్యని "అబ్బాయికి ఏం వచ్చు?" అని అడిగితే ఏం చెబుతాడు? "అన్నీ వచ్చండి. పాడతాడు, ఈదుతాడు, కారు నడుపుతాడు." సరిగ్గా అలాగే చెప్పింది. ఆ మాట నమ్మి ప్రోగ్రాము మొనగాడికి సరిపోయే ఆదేశాలతో తయారైంది. తీరా మా పాత బోర్డుకి ఆ ఆదేశాలు పుట్టి బుద్ధెరిగి తెలియవు. మొదటిది ఎదురుపడగానే చేతులెత్తేసింది. వేరేవాడి కొలతకి కుట్టిన చొక్కా. బొత్తాలూడిపోయాయి.

ఊరూరా తిరిగి పూనకాన్ని "ఆధారం చూపించు" అని నిలదీసినవాణ్ణి, నా ఇంట్లో నేనే తెప్పించిన పూనకం చెప్పిన గొప్పలన్నీ ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మేశాను.

ఈసారి ఎమ్యులేటర్‌కి గట్టిగా చెప్పాను: మొనగాడివి కాదు నువ్వు, ఆ ముసలి మోడల్‌వి, అదే వేషం కట్టు అని. మళ్ళీ మొదటి నుంచి తయారీ. వేషంలో ఉన్న ప్రాసెసర్ చీర కట్టుకుని చెట్టెక్కేవాడిలా మెల్లగా పని చేస్తుంది. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. మంగళవారం భోజనం చేసి కునుకు తీసి లేచేసరికి ప్యాకేజీ సిద్ధంగా ఉంది.

ఈసారి ఉపన్యాసం లేదు, పిల్లి లేదు, గడియారం వైపు చూడను కూడా లేదు. "ఇదిగో, పంపి చూస్తున్నాను," అని రత్నానికి చెప్పి, నొక్కాను.

టీ నీళ్ళు మరగకముందే ఫోను మోగింది.

"బావా! పలికినాది!" అప్పన్న గొంతు. వెనక ఊరంతా అరుస్తోంది. ఎవరో ఫోను లాక్కున్నారు. అత్త.

"ఓలమ్మ! మా పిల్ల గొంతే బావూ! నాను స్తంభం కింద కూకుని రొయ్యలు దులుపుకుంటన్నాను, ఎవుళ్ళూ నేరు, మీద నుంచి మా రత్తాలు గొంతు! గాలి తక్కువ, అలలు తక్కువ, యేటకి ఎల్లొచ్చు అని సెప్పినాది! నా ఒళ్ళంతా జల్లుమంది!"

రత్నాన్ని బండెక్కించుకుని పరుగెత్తాను. మేము చేరేసరికి పెట్టెకి పసుపు రాసి ఉంది. స్తంభానికి వేపమండలు కట్టి ఉన్నాయి. స్క్రీను మధ్యలో, అంకెలకి ఇబ్బంది లేకుండా, చక్కగా బొట్టు. అవతల ఊరి మగవాళ్ళంతా కలిసి అప్పన్న బోటుని నీటివైపు తోస్తున్నారు.

"అప్పన్నా! మూఢం అయిపోలేదు కదరా!" అని అరిచింది ఎవరనుకున్నారు? నేనే.

"అమ్మ ఎల్లొచ్చని సెప్పినాక ఇంక మూడమేటి బావా!"

"అమ్మ కాదురా, ప్రోగ్రాము!"

అప్పుడు నాకు హఠాత్తుగా వెలిగింది. "అత్తా, పెట్టె పలికినప్పుడు టైమెంత?"

"మూడు గంటల బస్సు అప్పుడే ఎల్లినాది."

మంగళవారం. మూడు దాటాక. నేను ఇసకలో ఎగిరి గంతేశాను. "రాహుకాలం! అది రాహుకాలం! మొదటి మాట రాహుకాలంలోనే వచ్చింది! నేను గెలిచాను!"

అత్త చీరకొంగు భుజాన కప్పుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "తల్లికి రాహుకాలమేటి బావూ!"

"మరి శుక్రవారం ఎందుకు పలకలేదు?"

"మీరు మైకెట్టి, పందెమేసి, అమ్మకి పరీచ్చ పెట్టినారు. అమ్మకి పరీచ్చ పెడితే పలుకుతాదేటి?"

"పరీక్ష పెట్టినందుకు కాదత్తా!" అని నెత్తి కొట్టుకున్నాను. "పెట్టనందుకు! పరీక్ష పెట్టనందుకే పలకలేదు!"

నా జీవితంలో నేనన్న అతి సత్యమైన వాక్యం అదే. ఒక్కరూ వినలేదు. బోటు నీళ్ళు తాకింది, అందరూ అటు చూశారు.

అప్పన్న మొలలోతు నీళ్ళలోంచి తిరిగొచ్చి నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. "ఎక్కడ సూపిస్తే అక్కడన్నావు." వేలు పెట్టి చూపించాడు, స్తంభం వైపు. అంటే నేను తయారుచేసిన ప్యాకేజీ ముందు, నేను కొని ఇచ్చిన బోర్డు ముందు, నా భార్య గొంతు ముందు.

ఆలోచించాను. ఈ బోటుని నీటిలో పెట్టించాలనుకున్నాను, పెట్టారు. గాలి హెచ్చరికని ఊరు వినాలనుకున్నాను, ఇక చచ్చినట్టు వింటుంది. అడిగినవన్నీ జరిగాయి. ఒక్క నేను చెప్పిన కారణానికి తప్ప, మిగతా అన్ని కారణాలకీ జరిగాయి. కొట్టాను. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది.

"అల్లుడి సెయ్యి మంచిది," అంది అత్త, అందరికీ వినపడేలా.

సరిగ్గా అప్పుడే పెట్టె నోరు విప్పింది. "గాలి తక్కువగా ఉన్నాది. యేటకి ఎల్లొచ్చు." ఊరంతా ఆ గొంతుకి చేతులు జోడించింది. ఆ గొంతు అసలు యజమానురాలు నా పక్కన నిలబడి, నా చేతిలోంచి కొబ్బరిచెక్క తీసుకుని కొరుక్కుంటూ అంది: "సూసినావా, నా మాట ఊరంతా ఇంటన్నాది. ఇన్లేనోడివి నువ్వొక్కడివే."

అప్పన్న బోటు మొదటి వేటకి మంచి చందువాలు పడ్డాయి. రెండు మా ఇంటికీ వచ్చాయి. ఆ ఊళ్ళో ఇప్పుడు గాలి ఎక్కువ అని పెట్టె అంటే ఒక్క బోటు కూడా కదలదు. నాకు అది సంతోషమే. పసుపు సంగతి నేను ఎత్తను.

కాబట్టి సముద్రం సాక్షిగా, ఏ దేవుడి సాక్షిగానూ కాకుండా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. అసలు యంత్రం మీద నడిపి చూడకుండా ఇకపై ఒక్క ప్యాకేజీ కూడా నా చేతి మీదుగా బయటికి పోదు. ఏ వేషానికీ "నీకు ఏం వచ్చు?" అనే ప్రశ్నకి జవాబు వదిలిపెట్టను. రత్నం గొంతు స్తంభం మీద నుంచి వచ్చినా, వంటింట్లోంచి వచ్చినా, చెప్పిన మొదటిసారే వింటాను. ఇది కూడా ఆమెకి చదివి వినిపించి, రెండు చోట్ల దిద్దించుకున్నాకే పత్రికకి పంపుతున్నాను. శుక్రవారం, పదిన్నర దాటాక.